రైట్ రైట్ అన్న నేరం

నా పేరు వరహాలమ్మ. ఇరవై రెండేళ్ళుగా బస్సు కండక్టరుని. బొండపాలెం రూటులో యాభై మంది ఎక్కాల్సిన బస్సులో నూట పది మంది ఎక్కితే, వాళ్ళ మధ్యలోంచి దూరి, ఒక చేత్తో పై రాడ్డు పట్టుకుని రెండో చేత్తో టిక్కెట్లు కొట్టినదాన్ని. ఘాటీ మలుపుల్లో కూడా ఏ రోజూ పడలేదు. చివరికి పడ్డది ఎక్కడయ్యా అంటే, రోడ్డు దిగి, మట్టిలో, కదలకుండా నిలబడి ఉన్నప్పుడు.

ఆవేళ బుధవారం. పొద్దున్న తొమ్మిదిన్నరకి డ్యూటీ ఎక్కుదామని వచ్చి, డిపో ఎదురుగా టీ బడ్డీ దగ్గర రోడ్డు దాటడానికి నిలబడ్డాను. తెల్ల కారు ఒకటి వస్తోంది. నడిపే మనిషి తల వంచుకుని ఉన్నాడు. అమ్మవారి గుడి దాటాడు కదా, దణ్ణం పెట్టుకుంటున్నాడేమో అనుకున్నాను. కాదు. ఒళ్ళో ఫోను. కారు రోడ్డు వదిలేసి నా మీదకే వస్తోంది. "హోల్డాన్" అని కేకేశాను.

ఆ కేకకి ఎన్ని వేల బస్సులు ఆగాయో నాకే తెలీదు. ఇది ఆగలేదు. చక్రం నా కుడికాలి మీదకి ఎక్కి, అక్కడ సౌకర్యంగా ఉందనుకుందో ఏమో, అప్పుడు ఆగింది.

కారులోంచి ఒకతను దిగాడు. నలభై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా. "ఒక్క నిమిషం అమ్మా" అని ఫోనులో ఏదో నొక్కి, ఆ తర్వాత నన్ను చూశాడు. "అయ్యయ్యో. వెనక్కి తియ్యమంటారా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. తియ్యమన్నాను. తీశాడు. చక్రం దిగింది.

నేను చేసిన పొరపాటు ఇక్కడే. ఇరవై రెండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? బండికి అడ్డం తొలిగిందంటే నా నోట్లోంచి వచ్చే మాట ఒకటే. నేల మీద పడున్నదాన్ని పడున్నట్టే చెయ్యి చాపి, కారు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, "రైట్ రైట్" అన్నాను.

అతను వెళ్ళిపోయాడు. అతన్ని అని ఏం లాభం? రైట్ రైట్ అన్నాక ఆగిన డ్రైవర్ని నా సర్వీసులో నేను కూడా చూడలేదు.

కాలు రెండు చోట్ల విరిగింది. లోపల రాడ్డు వేశారు. "నడుస్తావు. కానీ కదిలే బస్సులో నిలబడడం మాత్రం ఇక మర్చిపో" అన్నాడు డాక్టరు. మర్చిపోవడానికి అదేమైనా చిల్లర బాకీయా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

మా డిపో మేనేజరు మంచివాడు. ఆస్పత్రికి వచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, నెమ్మదిగా చెప్పాడు. "చూడమ్మా వరహాలు. నీ తప్పేం లేదు, బండి నడిపినవాడి పరధ్యానం వల్లే దెబ్బ తగిలిందని తొంభై రోజుల్లో కాగితం తెచ్చావనుకో, నిన్ను పాసుల కౌంటర్లో కూర్చోబెడతాను. తేలేకపోతే అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపించాలి. రూలు నేను పెట్టింది కాదు."

నాకు భయం వేసింది. సిగ్గుపడకుండానే చెబుతున్నాను. నాలుగున్నరకి లేచి చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కోకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు. ఆస్పత్రిలో కూడా సరిగ్గా నాలుగున్నరకే మెలకువ వచ్చేది. లేచి తొడుక్కోడానికి ఏమీ లేక, దుప్పటి మొహం మీదకి లాక్కుని ఏడ్చేదాన్ని. పాసుల కౌంటర్లో కూర్చున్నా సరే, చొక్కా ఉంటుంది. నాకు కావాల్సింది ఆ చొక్కా.

నలభయ్యో రోజుకి చంకకర్రల మీద లేచాను. మా బస్సు డ్రైవరు సింహాద్రి నన్ను ఆటోలో పోలీస్ స్టేషనుకి తీసుకెళ్ళాడు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న, నన్ను అప్పా అంటాడు, అంటే అక్కా అని. ఎస్సై గారు కుర్చీ వేయించారు. కారు నెంబరు, రంగు, అద్దం మీద అంటించిన కొబ్బరికాయ బొమ్మతో సహా చెప్పాను. టిక్కెట్టు తియ్యనివాణ్ణి నలభై మందిలోనైనా గుర్తుపడతాను, కాలు తొక్కినవాణ్ణి మర్చిపోతానా?

ఎస్సై గారు అంతా విని పెన్ను మూత పెట్టేశారు.

"ఇదివరకైతే అజాగ్రత్తగా నడిపి గుద్దినాడు అని ఒక్క ముక్క రాసి పడేసేవాళ్ళం. ఇప్పుడు రాయకూడదు. అజాగ్రత్త ఉందో లేదో చెప్పాల్సింది ధ్యాస మండలివాళ్ళు. అక్కడికి వెళ్ళండి."

ధ్యాస మండలి అంటే చెప్పాలి. మా జిల్లాలో ఫోను చూస్తూ బండి నడిపేవాళ్ళు ఎక్కువైపోయారని పైవాళ్ళకి కోపం వచ్చింది. కోపం వస్తే పథకం పెడతారు. లైసెన్సున్న ప్రతి మనిషికీ అరగంటకోసారి ఫోనులో ఒక సందేశం వస్తుంది: "వాహనం నడుపునపుడు ఫోను చూడరాదు." దాని కింద "చూశాను" అని ఒక బొత్తాం. నిమిషం లోపు నొక్కాలి. నొక్కకపోతే సందేశం నిర్లక్ష్యం చేసినట్టు లెక్క, వారం రోజులు లైసెన్సు రద్దు. పథకం గొప్పగా నడుస్తోంది. నూటికి తొంభై ఎనిమిది మంది నిమిషం లోపే నొక్కుతున్నారట. నా బోటి లైసెన్సు లేనివాళ్ళకి ఆ సందేశం రాదు.

సింహాద్రి బుద్ధిమంతుడు కాబట్టి అరగంటకోసారి బస్సు పక్కకి తీసి నొక్కుతున్నాడు. బొండపాలెం గంటన్నర దూరం. బస్సు ఎక్కడ ఆగుతుందో తెలుసుకుని ఒకామె అక్కడ మొక్కజొన్న పొత్తుల బండి కూడా పెట్టింది.

ధ్యాస మండలి ఆఫీసు పాత పట్టుపరిశ్రమ శాఖ బంగళాలో ఉంది. లోపల పెద్ద హాలు, ఎత్తయిన బల్ల. బల్ల వెనకాల అధ్యక్షులు విశ్వపతి గారు. పక్కన చిన్న బల్ల దగ్గర సూపరింటెండెంటు ధర్మలింగం గారు, ముద్రలూ కాగితాలూ ఆయన చేతిలోవి. గోడ మీద పెద్ద అక్షరాలతో "ధ్యాస ఉన్నచోటే బాధ్యత" అని రాసుంది. చదవగానే మంచి మాటే అనిపించింది.

ధర్మలింగం గారు ముందు నా చేతిలో పచ్చ అట్ట పుస్తకం ఒకటి పెట్టారు. "క్షతగాత్రుల హక్కులు, కరదీపిక. ఉచితం. తమకు హక్కులున్నాయమ్మా. పద్నాలుగు."

కారు నడిపినతన్ని కూడా పిలిపించారు. పేరు ప్రహ్లాద్. టైల్సు షాపు ఉందట. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "కాలెలా ఉందమ్మా?" అన్నాడు, ఫోను జేబులో పెట్టుకుంటూ.

విశ్వపతి గారు గొంతు సవరించుకున్నారు. "సదరు ప్రమాద సమయమున ఎవరి ధ్యాస ఎచ్చట ఉన్నదో నిర్ధారించుట ఈ మండలి కర్తవ్యము. ముందుగా చోదకుడు. తమరు ఆ సమయంలో ఏమి చూస్తున్నారు?"

"మండలివారి సందేశం చూస్తున్నానండి" అన్నాడు ప్రహ్లాద్. ఒక కాగితం కూడా చూపించాడు. ఆ రోజు తొమ్మిదిన్నర సందేశానికి "చూశాను" అని పదకొండు సెకన్లలో నొక్కినట్టు దాంట్లో ఉంది. అంతేకాదు, ఏడాదిలో ఒక్క సందేశం కూడా తప్పనందుకు మండలివారే ఇచ్చిన "ఉత్తమ జాగరూక చోదకుడు" పతకం కూడా తెచ్చుకున్నాడు.

"మంచిది" అని ధర్మలింగం గారు రాసుకున్నారు. "కావున చోదకుని ధ్యాస పూర్తిగా మండలి వద్ద ఉన్నది. పరధ్యానం లేదు. ఇక క్షతగాత్రురాలు. తమరు ఏమి చూస్తున్నారమ్మా?"

"కారు చూస్తున్నానండి."

"ఎంతసేపు?"

"గుడి దగ్గర నుంచి."

"స్పష్టంగానా?"

ఆయన ఆ మాట అనకుండా ఉండాల్సింది. స్పష్టంగానా అని నన్నడుగుతారా? నెంబరు చెప్పాను. కొబ్బరికాయ బొమ్మ చెప్పాను. ముందు చక్రం గాలి తక్కువుందని చెప్పాను. అతని చొక్కా జేబుకి సిరా మరక ఉందని చెప్పాను. "హోల్డాన్" అన్నది చెప్పాను. నిజం చెప్పడం నాకు అలవాటు కాబట్టి "రైట్ రైట్" అన్నది కూడా చెప్పాను. ధర్మలింగం గారు ఒక్క అక్షరం వదలకుండా రాసుకుంటూ, మధ్యలో "భేష్" అన్నారు. నేను పొంగిపోయాను.

అంతలో గోడ గడియారం పదకొండు కొట్టింది. గదిలో ఉన్న ఫోనులన్నీ ఒక్కసారి టింగుమన్నాయి. అందరికీ లైసెన్సులున్నాయి కదా. విశ్వపతి గారు, ధర్మలింగం గారు, ప్రహ్లాద్, గుమ్మం దగ్గర బంట్రోతు, అందరూ తలలు వంచారు. ఆ నిమిషం విచారణకి కూర్చున్నవాళ్ళలో తల ఎత్తి ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. ఆ టైముకి టీ తెచ్చినామె ఒక చీటీ బల్ల మీద పెడితే, విశ్వపతి గారు ఫోను మీద నుంచి కళ్ళు తియ్యకుండానే ఎడమచేత్తో దాని మీద సంతకం పెట్టేశారు. ధర్మలింగం గారు చూడకుండానే ముద్ర కొట్టారు. టీ చీటీకి ముద్ర ఎందుకో నాకు తెలీదు. కానీ గుర్తుపెట్టుకున్నాను. చూసింది మర్చిపోవడం నా చేత కాదు.

బయటికి వచ్చాక సింహాద్రికి చెబితే తల పట్టుకున్నాడు.

"ఏటప్పా, అన్నీ సెప్పేసినావా? ఏటీ సూళ్ళేదని సెప్పాల గానీ. సూసినోడికే సిక్కు."

"నిజం చెబితే చిక్కేంట్రా?"

"నీ ఇష్టం" అని బస్సుకి టైమైందని వెళ్ళిపోయాడు.

పదిహేను రోజులకి తాఖీదు వచ్చింది. నేను దాన్ని మూడుసార్లు చదివాను. టిక్కెట్టు వెనకాల రాసే రూలు కూడా చదివేదాన్ని నేను, అయినా మూడుసార్లు పట్టింది.

"సదరు స్థలమునందు చోదకుని ధ్యాస మండలి వద్ద ఉన్నందునను, మండలి జిల్లా కేంద్రమున ఉన్నందునను, స్థలమున మిగిలిన యావత్తు ధ్యాస తమరి వద్దనే ఉన్నట్లు తమరి వాంగ్మూలము వల్లనే తేలినది. ధ్యాస ఉన్నచోటే బాధ్యత. పైపెచ్చు వాహనమును ఆపుటకు 'హోల్డాన్' అనియు, కదులుటకు 'రైట్ రైట్' అనియు తమరే ఆజ్ఞలు జారీ చేసి ఉన్నారు. కావున ఆ సమయమున సదరు వాహనమునకు తమరే నిర్వాహకులని నిర్ధారించడమైనది."

కింద నా నేరాలు. వాహనాన్ని బయట నిలబడి నడపడం. లైసెన్సు లేకుండా నడపడం. ప్రమాదం జరిగాక గాయపడిన మనిషికి సాయం చెయ్యకపోవడం, మనిషంటే నేనే. ప్రమాద స్థలం నుంచి వాహనాన్ని పంపించెయ్యడం. చివర్న ఒక ఓదార్పు: "అయినను, క్షతగాత్రురాలిగా తమరి పద్నాలుగు హక్కులకు ఎట్టి భంగమూ లేదు. బాధ్యురాలైన తమరిపై తమరు ఫిర్యాదు చేసుకొనవచ్చును."

అప్పటికి అరవై రెండో రోజు. నాకు వేరే దారేముంది? నా మీద నేను ఫిర్యాదు పెట్టుకున్నాను. పెట్టకపోతే కేసే లేదంటారు. కేసు లేకపోతే కాగితం లేదు. కాగితం లేకపోతే చొక్కా లేదు.

రెండో విచారణలో హాలు మధ్యలో రెండు కుర్చీలు వేశారు. ఒకదాని మీద "ఫిర్యాది" అనీ, రెండోదాని మీద "ప్రతివాది" అనీ చీటీలు అంటించారు. నేను దగ్గరగా ఉన్నదాంట్లో కూర్చున్నాను.

"తమరికి దెబ్బ ఎట్లు తగిలినది?" అన్నారు విశ్వపతి గారు.

చెప్పాను.

"దీనికి ప్రతివాది జవాబు ఏమి?"

"నేనేం చేశానండీ, నిలబడున్నాను" అన్నాను.

ధర్మలింగం గారు నొచ్చుకున్నారు. "ప్రతివాదిగా జవాబు చెప్పేటప్పుడు ఆ కుర్చీలో కూర్చోవాలమ్మా. రికార్డు పాడవుతుంది."

చంకకర్రలు తీసుకుని లేచాను. ఆ కుర్చీలో కూర్చున్నాను. నిలబడున్నానని చెప్పాను. మళ్ళీ ఫిర్యాదిని ఏదో అడిగారు, మళ్ళీ ఇటు వచ్చాను. మధ్యాహ్నం దాకా పదిహేడుసార్లు అటూ ఇటూ తిరిగాను. పుట్టి బుద్ధెరిగాక బస్సులో కూడా ఇన్నిసార్లు ముందుకీ వెనక్కీ తిరగలేదు. రాడ్డు వేసిన చోట కాలు భగ్గుమంటోంది. ప్రహ్లాద్ పాపం సాక్షిగా వచ్చి గోడ వారన కూర్చున్నాడు. రెండుసార్లు లేచి నా కర్ర అందించాడు.

"రాజీ పడిపోతానండీ" అన్నాను విసుగొచ్చి. "నాతో నాకేం గొడవ లేదు."

"సంతోషము" అన్నారు విశ్వపతి గారు. "రాజీ ఎప్పుడూ శ్రేయస్కరమే. అయితే ఇరుపక్షాల సంతకాలు ఉండవలెను."

రెండు చోట్లా పెట్టాను. ధర్మలింగం గారు కళ్ళజోడు సవరించుకుని రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టి చూశారు.

"ఈ రెండూ ఒక్క చేతి రాతలాగే ఉన్నాయమ్మా. ఒకరి సంతకం ఇంకొకరు పెట్టారన్న అనుమానానికి తావిస్తుంది. రాజీ తిరస్కరించడమైనది." పెన్ను కింద పెట్టి, కొంచెం గొంతు తగ్గించి, "ఇందులో నా సొంత అభిప్రాయమేమీ లేదమ్మా" అన్నారు. అది నిజమేనని నాకూ తెలుసు. ఆయన మొహంలో ఏ అభిప్రాయమూ లేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి పచ్చ అట్ట పుస్తకం మొదట్నించి చివరిదాకా చదివాను. గౌరవంగా వినబడే హక్కుంది. కూర్చునే హక్కుంది. తాగడానికి నీళ్ళు అడిగే హక్కుంది. పద్నాలుగింటిలో ఎక్కడా కాగితం పుచ్చుకునే హక్కు లేదు.

మూడో విచారణ ఎనభై ఎనిమిదో రోజున పడింది. సింహాద్రి సెలవు పెట్టి వచ్చాడు. ఆటోలో నా చేతిసంచి ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. చేతిసంచిలో ఒక కాగితం ఉంది. దాన్ని రాత్రి నేనే, వాళ్ళ మాటల్లోనే రాసుకున్నాను. "సదరు వరహాలమ్మకు జరిగిన ప్రమాదము వాహనచోదకుని పరధ్యానము వలన సంభవించినదే తప్ప ఆమె దోషమేమియు లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." రాస్తుంటే తెలిసింది, కష్టమేం కాదు, మాట చివర లాగితే చాలు.

ఇది తప్పని నాకు తెలుసు. టిక్కెట్టు లేకుండా ఎక్కినవాణ్ణి ఏనాడూ వదల్లేదు నేను, ఆడామగా చూడలేదు. కానీ అన్ని టిక్కెట్లూ కొన్నాక కూడా బస్సెక్కనివ్వకపోతే మనిషేం చెయ్యాలో ఏ రూలు పుస్తకంలోనూ లేదు.

పదకొండూ ఇరవై ఎనిమిది దాకా కుర్చీలు మారాను. ఆ తర్వాత నీళ్ళు కావాలన్నాను. హక్కు నెంబరు తొమ్మిది. బంట్రోతు ఇచ్చాడు. తాగి, లేచి, కర్రలు టకటకలాడిస్తూ పెద్ద బల్ల దగ్గరికి వెళ్ళి గ్లాసు అక్కడ పెట్టాను. గడియారం పదకొండున్నర కొట్టింది. టింగుమంది. తలలన్నీ వంగాయి.

కాగితం విశ్వపతి గారి ఎడమచేతి కింద పెట్టి, "ఇక్కడ సార్" అన్నాను, దిగబోయేవాడికి చిల్లర ఇచ్చినట్టు, మామూలుగా. ఆయన పెట్టారు. చిన్న బల్ల మీదకి జరిపాను. ధర్మలింగం గారు ముద్ర కొట్టారు. గట్టిగా, అక్షరాలన్నీ పడేలా కొట్టారు. ఆయన పనిలో వంక పెట్టలేం. తలలు లేచేసరికి నేను ప్రతివాది కుర్చీలో కూర్చుని ఉన్నాను.

మర్నాడు కాగితం మా డిపో మేనేజరుకి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, "మండలివాళ్ళు ఇంత తేలిగ్గా ఇచ్చారా?" అన్నాడు.

"ఒక్క నిమిషంలో ఇచ్చారండి" అన్నాను.

నాలుగున్నరకి లేచాను. చొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కున్నాను. కౌంటరు పది గంటలకి గానీ తెరవరు, అయినా నాలుగున్నరకే తొడుక్కున్నాను. అద్దంలో చూసుకుని మళ్ళీ ఏడ్చాను. ఈసారి బాగా అనిపించింది.

పాసుల కౌంటర్లో నెలరోజులు హాయిగా గడిచాయి. అప్పుడు మళ్ళీ తాఖీదు. "సదరు ధ్రువపత్రముపై సంతకము జరిగిన నిమిషమున మండలివారి ధ్యాస సందేశ స్వీకరణయందు నిమగ్నమై ఉన్నందున, అది మండలివారి సంతకము కానేరదు. రద్దు చేయకుండుటకు కారణములు తెలుపవలెను."

వెళ్ళాను. సింహాద్రికి డ్యూటీ ఉంది, ఒక్కదాన్నే వెళ్ళాను. ఒకే కర్ర ఇప్పుడు. హాల్లో రెండు కుర్చీలూ అలాగే ఉన్నాయి. నేను కూర్చోలేదు.

"సార్, ఆ నిమిషం ఈ గదిలో తమరి ధ్యాస లేదు."

"లేదు" అన్నారు విశ్వపతి గారు. "సందేశమునందున్నది."

"సూపరింటెండెంటు గారిది?"

"సందేశంలోనే" అన్నారు ధర్మలింగం గారు.

"మరి ఈ గదిలో ధ్యాస ఎవరి దగ్గరుందండీ?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తమరి వద్ద" అన్నారు విశ్వపతి గారు.

"ధ్యాస ఉన్నచోటే ఏమిటుంటుందండీ?" అని గోడ మీద అక్షరాలు చూపించాను.

"బాధ్యత."

"అయితే ఆ నిమిషం ఈ మండలి నేనే కదండీ. సంతకం ఎవరి చేత్తో పడిందన్నది కాదు గదా లెక్క. నా కాలు తొక్కిన కారు స్టీరింగు కూడా నా చేతిలో లేదు. దానికి నన్ను బాధ్యురాల్ని చేశారు. దీనికి కూడా నేనే బాధ్యురాల్ని. మండలిగా నేను ఆలోచించే ఇచ్చాను. కాగితం చెల్లుతుంది."

ధర్మలింగం గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. మొదటి నుంచి చివరికీ, చివరి నుంచి మొదటికీ. "వాదన నిబంధనలకు లోబడే ఉన్నదండీ" అన్నారు, కొంచెం ముచ్చటపడినట్టే.

విశ్వపతి గారు కూడా కోపగించుకోలేదు. తను నమ్మిన సూత్రానికి తనే కట్టుబడ్డ మనిషి, అది ఒప్పుకోవాలి. "ధ్రువపత్రము చెల్లును" అన్నారు. "అయితే ఒక షరతు. ఇకపై తమరు ఏ ప్రమాద స్థలమునందైనను ధ్యాసతో ఉన్నట్లు తేలినచో, ఇది తక్షణము రద్దగును. ఒకే వ్యక్తి పదేపదే ప్రమాదములకు బాధ్యత వహించుట మండలి సహింపదు."

"చిత్తం" అన్నాను.

బయట మెట్లు దిగడానికి నాకు కొంచెం టైము పడుతుంది. కర్ర, కాలు, కర్ర, కాలు. విశ్వపతి గారు భోజనానికి కాబోలు, నన్ను దాటుకుని ముందే దిగి, ఆవరణలోకి నడిచారు. లోపల గడియారం పన్నెండు కొట్టింది. ఆయన జేబులో టింగుమంది. ఆవరణ మధ్యలో ఆగి, ఫోను తీసి, తల వంచారు.

గేటులోంచి తెల్ల కారు వస్తోంది. అద్దం మీద కొబ్బరికాయ బొమ్మ. ప్రహ్లాద్ ఈ ఏడాది పతకం తీసుకోవడానికి వస్తున్నాడట, తర్వాత తెలిసింది. తల వంచుకుని ఉన్నాడు.

నా నోరు తెరుచుకుంది. హోల్డాన్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే నా మొదటి నేరం గుర్తొచ్చింది, వాహనాన్ని బయట నిలబడి నడపడం. చొక్కా గుర్తొచ్చింది. అరవాలా వద్దా అని ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించనిదాన్ని, అప్పుడు ఆలోచించాను. ఆలోచించేలోపు కారు పని కారు చేసేసింది.

ఆ మాట మింగినందుకు ఇప్పటికీ నాకు అన్నం సరిగ్గా దిగదు.

పెద్ద దెబ్బేం కాదు, మడమ దగ్గర విరిగింది. ప్రహ్లాద్ దిగి, "ఒక్క నిమిషం సార్" అని నొక్కి, "అయ్యయ్యో. వెనక్కి తియ్యమంటారా?" అన్నాడు. కింద పడున్న విశ్వపతి గారు అతన్ని చూడలేదు. నన్ను చూశారు. ఆయన గొంతులో సదరూ లేదు, తమరూ లేదు.

"అమ్మా వరహాలమ్మా, నువ్వు చూశావు కదమ్మా. నువ్వొక్కదానివే చూశావు. నా తప్పేం లేదని ఒక్క మాట చెప్పు తల్లీ."

కాలు విరిగితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. జాలేసింది. సంచిలోంచి నా చిన్న ఫోను తీశాను. మెట్ల మీద కూర్చుని, కళ్ళు చిట్లించుకుని, ఒకటీ సున్నా ఎనిమిదీ నొక్కాను. అంబులెన్సుకి దారి చెప్పాను. తర్వాత సంచిలోనే ఉన్న పచ్చ అట్ట పుస్తకం తీసి, దుమ్ము దులిపి, ఆయన చేతిలో పెట్టాను. "పద్నాలుగున్నాయి సార్. నీళ్ళు కావాలంటే తొమ్మిదోది."

ఈలోగా ధర్మలింగం గారు కాగితం, పెన్ను పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ముందు విశ్వపతి గారిని అడిగారు. ఆయన ధ్యాస సందేశంలో ఉంది. ప్రహ్లాద్‌ని అడిగారు. అతనిదీ అక్కడే. ఇంక మిగిలింది నేను. పెన్ను నా వైపు తిరిగింది. కింద నుంచి విశ్వపతి గారు రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు.

"తమరు ఏమి చూస్తున్నారమ్మా?"

చేతిలో ఫోను ఇంకా వెచ్చగానే ఉంది.

"ఫోను చూస్తున్నానండి" అన్నాను.

"మంచిది" అని ధర్మలింగం గారు రాసుకున్నారు.